మిసెస్ రెగ్ డ్రిస్కల్

ఫ్రాంప్టన్ ఊళ్ళో ఒకప్పుడు యాపిల్ పళ్ళు సర్దిన ఆడవాళ్ళెవరికీ సొంత పేర్లు లేవు. ఇళ్ళల్లో ఉండేవేమో గాని, పళ్ళు సర్దే షెడ్డు గోడ మీద మాత్రం లేవు. ఆ గోడకి నల్ల చెక్క పలక ఒకటి ఉంది. ఒక్క రోజులో అందరికన్నా ఎక్కువ పెట్టెలు సర్దినవాళ్ళ పేర్లు, ఏడాదికొకటి చొప్పున, బంగారు రంగు అక్షరాల్లో రాశారు దాని మీద. మిసెస్ ఆర్థర్ బీటీ. మిసెస్ క్లిఫ్ నోక్స్. మిసెస్ రెగ్ డ్రిస్కల్. చూస్తే పళ్ళు సర్దింది ఆర్థర్లూ క్లిఫ్‌లూనేమో అనిపిస్తుంది. ఆర్థర్ బీటీ ఆ వేళకి పబ్బులో ఉండేవాడని ఆయన మనవళ్ళే చెబుతారు.

శనివారం ఆ షెడ్డుని మళ్ళీ తెరవబోతున్నారు. పాత సంగతుల క్లబ్బు పిల్లలు ఐదుగురూ కలిసి చేసిన ప్రదర్శన అది. మిసెస్‌ల వెనకున్న ఆడవాళ్ళ అసలు పేర్లు వెతికి, బొమ్మలతో, వివరాలతో పెద్ద పెద్ద అట్టలు అచ్చు వేయించారు. ఆలోచన టీగన్‌ది. పదిహేడేళ్ళ పిల్ల, క్లబ్బులో అందరికన్నా పెద్దది, పట్టుకుంటే వదిలే రకం కాదు. ఎనిమిది నెలలుగా బుధవారం బుధవారం బడి వదిలాక లైబ్రరీ వెనక గదిలో కూర్చుని, చర్చి పుస్తకాలూ పాత ఓటర్ల జాబితాలూ తిరగేసి, ముప్ఫై ఒక్క పేర్లు తేల్చింది. ఇంకా మూడు మిగిలాయి.

ఆ బుధవారం వాటికోసమే చర్చి పెళ్ళిళ్ళ పుస్తకం నకళ్ళు ముందేసుకుని కూర్చుంది. ఎదురుగా లాకీ అట్టల మూలలకి మేకుల కన్నాలు పొడుస్తున్నాడు. వాడికీ పదిహేడే, టీగన్ కన్నా నెలల తేడాతో చిన్న. నోరు ఊరుకోదు, చెయ్యి మాత్రం పనిలోంచి కదలదు.

"అట్ట మీద ఆవిడ ఫొటో భలే పడిందే," అన్నాడు లాకీ, అన్నిటికన్నా పెద్ద అట్టని ఎత్తి చూపిస్తూ. "మిసెస్ డ్రిస్కల్ నిన్న రొట్టెల కొట్లో కనిపించింది. శనివారం కోసం కొత్త కోటు కొనుక్కుందంట. మా అమ్మకి గుండీలతో సహా చూపించింది."

టీగన్ నవ్వింది. పలక మీద అందరికన్నా పెద్ద రికార్డు మిసెస్ రెగ్ డ్రిస్కల్‌దే. పంతొమ్మిదివందల యాభై ఆరులో, ఒక్క రోజులో నూట డెబ్బై ఒక్క పెట్టెలు. మిగతా అందరూ పోయినా ఆవిడ ఇంకా ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళు, మనిషి నిటారుగా ఉంటుంది, తోట దారి చివరింట్లో ఒక్కతే. షెడ్డు తలుపుకి కట్టిన రిబ్బను ఆవిడ చేతే కత్తిరించాలనుకున్నారు. "నోలా డ్రిస్కల్, ఫ్రాంప్టన్‌లో అందరికన్నా వేగమైన చేతులు" అని అట్ట మీద అచ్చయింది.

క్లబ్బులో ఒక నియమం ఉంది. ఏ సంగతైనా అట్ట మీదికి ఎక్కాలంటే దానికి రెండు వేర్వేరు కాగితాలు సాక్ష్యం ఉండాలి. నోలా విషయంలో మాత్రం ఎవరూ రెండో కాగితం అడగలేదు. బతికున్న మనిషికి కాగితమెందుకు అనుకున్నారు. కేకు పట్టుకుని వెళ్ళి, ఆవిడ వంటింట్లో కూర్చుని, రెండు గంటలు మాటలు రికార్డు చేసుకుని వచ్చారు.

నకళ్ళు తిప్పుతున్న టీగన్ వేలు ఒక చోట ఆగింది. పంతొమ్మిదివందల అరవై, ఏప్రిల్. రెజినాల్డ్ డ్రిస్కల్, భార్య పోయినవాడు. నోలా జీన్ పిట్, పెళ్ళికానిది.

మళ్ళీ చదివింది. భార్య పోయినవాడు. వెనక్కి తిప్పింది, గబగబా, ఆరేడు కాగితాలు. యాభై మూడు, అక్టోబరు. అదే రెజినాల్డ్ డ్రిస్కల్, అదే తండ్రి పేరు, అదే తోట. పెళ్ళికూతురు మెర్ల్ ఆగ్నెస్ టోల్మీ.

"లాకీ," అంది. "యాభై ఆరులో రెగ్ డ్రిస్కల్ పెళ్ళాం నోలా కాదు."

లాకీ వచ్చి ఆమె భుజం మీంచి చూశాడు. రెండు తేదీల మీదా వేలు పెట్టి చూశాడు. 

"రెగ్‌లు ఇద్దరేమో," అన్నాడు.

"తండ్రి కూడా ఒక్కడేగా."

"అయితే ఆ కాగితం మళ్ళీ దొంతరలో పెట్టెయ్. శనివారం అయ్యాక చూద్దాం. ముసలావిడ కోటు కూడా కొనుక్కుంది తల్లీ."

టీగన్‌కి చెవులు వేడెక్కాయి. తప్పు తనది. నోలాని వెతికిందీ తనే, అట్ట మీది మాటలు రాసిందీ తనే. మూడు రోజుల్లో ఆ ముసలామె చేతిలోంచి కత్తెర లాక్కోవాలి. లేదంటే, ఎవరో మెర్ల్ అనే మనిషి పేరు రెండోసారి చెరిపేయాలి, ఈసారి తన చేతులతో.

గ్లెనిస్ టీ కప్పుతో లోపలికి వచ్చింది. లైబ్రరీ నడిపే ఆవిడ, క్లబ్బు పెట్టింది కూడా ఆవిడే. పిల్లలు తప్పు చేస్తే కేకలేయదు, కళ్ళద్దాలు తుడుచుకుంటుంది, అదే భయం అందరికీ. రెండు కాగితాలూ చదివి కళ్ళద్దాలు తుడుచుకుంది.

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అంది టీగన్.

"పసుపు చీటీలు ఎక్కడుంటాయో నీకు తెలుసు."

అది క్లబ్బు రెండో నియమం. అచ్చయిన అట్టలో తప్పు దొరికితే అట్ట చింపకూడదు. తప్పేమిటో, నిజమేమిటో పసుపు చీటీ మీద చేత్తో రాసి దాని మీదే అంటించాలి. కింద తప్పు చేసినవాళ్ళ పేరు రాయాలి. చరిత్ర రాసేవాళ్ళు కూడా పొరబడతారని చూసేవాళ్ళకి తెలియాలంటుంది గ్లెనిస్. ఇంతవరకూ పడ్డ చీటీలు మూడే, మూడింటి మీదా లాకీ పేరే.

"చీటీ రాయడం కష్టం కాదు," అంది టీగన్. "ఆవిడకి చెప్పడం కష్టం."

"ఔను," అంది గ్లెనిస్. "ఆవిడకి ముందు చెప్పు, చీటీ తర్వాత రాయి. నన్ను రమ్మంటావా?"

టీగన్ తల అడ్డంగా ఊపింది. ఊపిన మరుక్షణమే, రమ్మని ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు సాయంత్రం సైకిలు మీద తోట దారి పట్టుకుంది. రెండు నకళ్ళూ సంచిలో మడత పడకుండా గట్టి అట్ట మధ్య పెట్టుకుంది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. గేటు తీసేసరికి అంతా ఎగిరిపోయింది.

నోలా తలుపు తీసింది. తెల్లజుట్టంతా గులాబీ రంగు ప్లాస్టిక్ గొట్టాలకి చుట్టి ఉంది.

"చూడకు, చూడకు. శనివారానికి తయారవుతున్నా," అంది. "రెండు రోజులు ఇలా ఉంచితే గాని ఈ జుట్టు మాట వినదు. లోపలికి రా పిల్లా, టీ పెడతా."

టీగన్ లోపలికి వెళ్ళి కుర్చీ అంచున కూర్చుంది. నోలా కెటిల్‌లో నీళ్ళు పోసింది, కప్పులు దించింది, డబ్బాలోంచి ఓట్స్ బిస్కెట్లు తీసి పళ్ళెంలో గుండ్రంగా పేర్చింది. ఏ పని చేసినా ఆవిడ చేతులు వెతుక్కోవు. కొత్త కోటు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది, నీలం రంగు, గుండీలు నిజంగానే బాగున్నాయి.

"ఏంటలా ఉన్నావు? షెడ్డు పైకప్పు గాని కూలిందా?"

"లేదు మిసెస్ డ్రిస్కల్. నేను ఒక తప్పు చేశాను." సంచిలోంచి అట్ట తీసింది, తెరవలేకపోయింది. "మిమ్మల్ని అడగాల్సింది అడగలేదు."

నోలా ఆ అట్ట వైపు చూసింది. పాలగిన్నె బల్ల మీద పెట్టి, ఎదురు కుర్చీలో మెల్లగా కూర్చుంది.

"ఏ ఏడాది కాగితం అది?"

"అరవై."

"ఏప్రిల్," అంది నోలా. "ఒకటే వాన. మా అమ్మ గొడుగు తిరగబడింది." కప్పు పక్కకి జరిపింది. "రెండోది యాభై మూడుదా?"

టీగన్ తల ఊపింది.

"మీలో ఒకరైనా వెనక్కి వస్తారని చూస్తున్నాను. మీరొచ్చి వెళ్ళి ఆరు వారాలైంది. ఈ పిల్లలు ఇంత వెతుకుతారే, ఇది కనిపెట్టలేరా అనుకున్నాను. ఒక్కోరోజు కనిపెట్టకపోతే బాగుండనీ అనుకున్నాను. అబద్ధమెందుకు."

కూడబలుక్కున్న మెత్తటి మాటలన్నీ పోయి టీగన్‌కి కోపం వచ్చింది. "మరి మీరే ఎందుకు చెప్పలేదు? నేను రాత్రంతా నిద్రపోలేదు."

"నువ్వేం అడిగావో గుర్తుందా?"

గుర్తుంది. రికార్డింగులో తన గొంతే అది, పదిసార్లు విని కాగితం మీద ఎక్కించింది. 'మీరు రికార్డు కొట్టిన రోజు గురించి చెప్పండి.' రికార్డు మీదేనా అని అడగలేదు. ఎవరినైనా కదిపి మాట్లాడించేటప్పుడు జవాబు నువ్వే నోట్లో పెట్టకూడదని గ్లెనిస్ మొదటి వారమే చెప్పింది. టీగన్ దాన్ని అందంగా రాసి గోడకి కూడా అంటించింది.

"ఐదుగురూ వచ్చారు, కేకు తెచ్చారు," అంది నోలా. "రెగ్ పోయాక ఈ ఇంట్లోకి ఒకేసారి ఐదుగురు రాలేదు. ఆ రోజు గురించి చెప్పమన్నావు, చెప్పాను. నేనూ అక్కడే ఉన్నాను మరి. పదిహేడేళ్ళు, నీ అంత. మెర్ల్ పక్కన నిలబడి పళ్ళు చుట్టే కాగితాలందించేదాన్ని. నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. వేళ్ళు చిట్లి యాపిల్ మీద రక్తం అంటిందన్నానా, నిజమే. నా వేళ్ళు కావు, అంతే."

"ఆవిడకి ఏమైంది?"

"మరుసటి ఏడు చలికాలంలో న్యుమోనియా. వారం తిరక్కుండా పోయింది. అప్పటికి రెండేళ్ళ పిల్ల ఉంది, కొరాలీ. మెర్ల్ వాళ్ళమ్మ లాన్సెస్టన్ పట్నం నుంచి వచ్చి పిల్లని తీసుకుపోయింది. నేనీ ఇంటికొచ్చాక తెచ్చుకుందామన్నాను. రెగ్ సరేననలేదు, ఆ పెద్దామె పంపనూ లేదు. మెర్ల్ పేరెత్తితే రెగ్ భోజనం మధ్యలో లేచిపోయేవాడు. కోపం కాదు పిల్లా, తట్టుకోలేకపోయేవాడు. ఏళ్ళు గడిచేసరికి ఊళ్ళో మిసెస్ రెగ్ డ్రిస్కల్ అంటే నేనే అయ్యాను. పలక మీది పేరు కూడా నాదే అనుకునేవాళ్ళు. కొత్తల్లో కాదని చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చింది. ఆ తర్వాత అలవాటైంది."

కెటిల్ ఈల వేసింది. నోలా లేచి పొయ్యి ఆపింది, టీ పోయలేదు.

"నాకు పని నేర్పింది ఆవిడే. మా నాన్న తాగుబోతు, ఇంట్లో తిండికి గతి లేదు. షెడ్డులో నన్ను తీసుకోమంటే మేస్త్రీ నవ్వాడు. మెర్ల్ తన బల్ల పక్కన నిలబెట్టుకుని, పది రోజుల్లో నేర్పిస్తా, చేతకాకపోతే ఇద్దర్నీ పంపెయ్ అంది. నేను తిన్న ప్రతి ముద్దా ఆవిడ పెట్టిందే. ఆ మనిషి పేరు మీద నేను రిబ్బను కత్తిరించబోయాను, చూశావా." ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. "నీ పుణ్యమా అని తప్పింది. నువ్వు రాకపోయుంటే ఆ కత్తెర పట్టుకునే దాకా నోరు తెరిచేదాన్నో లేదో నాకే తెలీదు."

ఇంతసేపూ తిట్లకి సిద్ధపడి కూర్చున్న టీగన్‌కి ఏడుపొచ్చింది. బిస్కెట్ ఒకటి నోట్లో పెట్టుకుని ఏడుపూ బిస్కెట్టూ కలిపి మింగింది.

పసుపు చీటీ సంగతి చెప్పింది. నోలా శ్రద్ధగా విని, కింద ఎవరి పేరు రాస్తారని అడిగింది.

"నా పేరు."

"నా పేరు కూడా వెయ్యి. నువ్వు అడక్క, నేను చెప్పక. ఇద్దరం కలిసి చేశాం." తర్వాత సొరుగు తీసి, క్రిస్మస్ కార్డు ఒకటి వెతికి, వెనకున్న ఫోన్ నంబరు చూపించింది. "కొరాలీ. ఏటా కార్డులు పంపుకుంటాం, అంతకుమించి లేదు. మళ్ళీ ఈ ఊరి గడప తొక్కలేదు. నేను పిలిస్తే బాగోదు, నేను ఆవిడ అమ్మ కుర్చీలో కూర్చున్నదాన్ని. నువ్వు పిలువు. రిబ్బను ఆవిడది."

టీగన్ అక్కణ్ణుంచే ఫోన్ చేసింది. అవతలి గొంతు పొడిగా ఉంది. సగం చెప్పేసరికి, "ఇదంతా ఇప్పుడెందుకు?" అంది కొరాలీ.  "ఇన్నాళ్ళూ మేము వేరేవాళ్ళ పేరు రాశాం, అందుకు," అంది టీగన్. కొరాలీ చూస్తానంది. వస్తాననలేదు.

శనివారం పొద్దున తొమ్మిదికే షెడ్డు ముందు కార్లు నిండిపోయాయి. ఆల్చిప్పల మాంసం పెట్టి కాల్చిన స్కాలప్ పైల వాసన, కాఫీ బండి, కుక్కలు, మేయరు గారి మెడలో పదవి గొలుసు. లాకీ పాత సర్దుడు బల్ల ముందు ఆప్రన్ కట్టుకుని నిలబడ్డాడు. పాత ఫిల్ములు చూసి నెల రోజులు సాధన చేశాడు వాడు. ఇప్పుడు నిమిషానికి నాలుగు పళ్ళు చుట్టగలనని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు.

పెద్ద అట్ట మీద పసుపు చీటీ అంటించారు. "ఈ రికార్డు మెర్ల్ ఆగ్నెస్ డ్రిస్కల్‌ది. నోలా డ్రిస్కల్‌ది అని తప్పుగా రాశాం. తప్పు మాది: టీగన్ వార్బీ, నోలా డ్రిస్కల్." చదివినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలిచి చూపించుకున్నారు. అచ్చయిన అట్టల్ని వదిలేసి జనమంతా చేత్తో రాసిన చీటీ దగ్గరే మూగారు. గ్లెనిస్ దూరంగా నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటోంది గాని, ఈసారి అది వేరే తుడవడం.

నీలం కోటులో, ఉంగరాలు తిరిగిన జుట్టుతో నోలా తలుపు పక్కన నిలబడింది. దారి వైపు చూడనట్టు నటిస్తోంది.

పదుంబావుకి పొట్టి జుట్టున్న ఒకామె కారు దిగింది. అరవై దాటిన మనిషి, చేతిసంచి రెండు చేతులతో పట్టుకుంది. టీగన్ ఎదురెళ్ళింది. కొరాలీ అట్ట ముందు చాలాసేపు నిలబడి చీటీ చదివింది. తర్వాత నోలా వైపు తిరిగింది.

"మీరెందుకు పేరు రాయించుకున్నారు?"

"తప్పులో సగం నాది," అంది నోలా.

కొరాలీ తలుపు దగ్గరికి నడిచింది. మేయరు గారు కత్తెర అందిస్తే రిబ్బను కత్తిరించింది. చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వలేదు. వచ్చిన పని పూర్తిచేసి, వెళ్ళిపోవడానికి కారు తాళాలు తీయబోతున్నట్టే ఉంది. టీగన్‌కి ఒక పేరు సరిచేశాం, ఆ మనిషికి ఇంకేమిచ్చాం అనిపించింది.

"మా దగ్గర అమ్మ ఫొటో ఒకటుంది," అంది కొరాలీ ఆమెతో, మర్యాదకి. "చర్చి మెట్ల మీద. చేతులు వెనక పెట్టుకుని ఉంటుంది. ఎప్పుడు చూసినా అంతే కదా ఫొటో, ఆ చేతులు ముందుకి రావు."

బల్ల దగ్గర జనం నవ్వుతున్నారు. లాకీ చుట్టిన పండు కాగితం ఊడి నేల మీద దొర్లింది. "జరుగు నాయనా," అంది నోలా. కోటు విప్పి వాడి చేతికిచ్చి, ఆప్రన్ కట్టుకుని, వేలికి రబ్బరు తొడుగు పెట్టుకుంది. తర్వాత ఆవిడ చేతులు కదిలాయి. కాగితం తీయడం, పండు అందులో పడటం, మణికట్టు ఒక్క తిప్పు, మెలేసిన కాగితం కొస కిందికి, పెట్టెలోకి. వరసలో పండు పక్కన పండు, ఏటవాలుగా, సందు లేకుండా. అప్పటిదాకా నవ్వినవాళ్ళు బల్ల దగ్గరికి జరిగారు.

"మిసెస్ డ్రిస్కల్, మీరు తిరగేసి చేస్తున్నారు," అన్నాడు లాకీ. "ఫిల్ముల్లో కాగితం ఎడంచేత్తో, పండు కుడిచేత్తో. మీది ఎడమచేతి వాటమా?"

"కాదు. రాసేదీ తినేదీ అన్నీ కుడిచేత్తోనే." నోలా చేతులు ఆగలేదు. "మెర్ల్‌ది ఎడమచేతి వాటం. పక్కన నిలబడి ఆవిడెలా చేస్తే అలా నేర్చుకున్నాను. మేస్త్రీ మార్చుకోమన్నాడు, రాలేదు. ఇవి నా చేతులు కావు నాయనా, ఆవిడవి. ఆ మణికట్టు తిప్పుతో సహా."

టీగన్ రికార్డు చేద్దామని ఫోన్ పైకెత్తింది. అప్పటికే పక్కన కొరాలీ లేదు. జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి బల్లకి ఎదురుగా నిలబడింది. చేతిసంచి నేల మీద పెట్టేసింది. ఆమె కళ్ళు నోలా ముఖం మీద లేవు, చేతుల మీద ఉన్నాయి. ఆ ఎడమచేయి పండు అందుకున్నప్పుడల్లా ఆమె పెదవులు కొంచెం కదులుతున్నాయి.

టీగన్ ఫోన్ దించి జేబులో పెట్టుకుంది.

"మళ్ళీ చేస్తారా?" అంది కొరాలీ. "కాస్త మెల్లగా."

"మెల్లగా చేస్తే మీ అమ్మ తిట్టేది," అంది నోలా.

కాని మెల్లగానే చేసింది, అంతకన్నా మెల్లగా ఎవరూ చేయలేరన్నంత మెల్లగా, ఒక్కో పండే, పెట్టె నిండేదాకా.